జపాన్ బేస్‌కు తాండూరు రంగు

2018 ఉగాదికి టోక్యోలో ఉంటున్న తెలుగువాళ్లు ఒక పాటల కార్యక్రమం పెట్టుకుని మా తాండూరు ఆర్కెస్ట్రా పార్టీని పిలిచారు. టిక్కెట్లు నలుగురికే వచ్చాయి: పార్టీ ఓనర్ మాణిక్‌రెడ్డి, ఒక గాయని, కీబోర్డు వాయించే అతను, బేస్ గిటార్ వాయించే నేను. నా పేరు బీరయ్య. మాది బషీరాబాద్ దగ్గర పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. హాస్టల్ చదువుకని వికారాబాద్ వచ్చి అక్కడే స్థిరపడ్డాను. ముప్పై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లలో, సభల్లో బేస్ వాయించాను. వేళ్ల కీళ్లు మొరాయించాక మానేశాను. ఈ పని ఎలా ఉంటుందని అడగడానికి ఇప్పుడు కూడా ఎవరో ఒకరు వస్తుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఆ టోక్యో ప్రయాణం సంగతి, దాని తర్వాత జరిగిన సంగతి. తీపి కబుర్లు కావాలంటే సింగర్ల దగ్గరికి వెళ్లమంటాను.

ఆర్కెస్ట్రా పార్టీలో హోదాలుంటాయి. అందరికంటే పైన సింగర్లు, వాళ్ల కోసం కారు వస్తుంది. తర్వాత కీబోర్డు, ఏ పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో అతనే చెబుతాడు. ఆ తర్వాత ప్యాడ్స్, అంటే కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు. ఆ తర్వాత లీడ్ గిటార్. బేస్ గిటార్ అన్నింటికంటే చివర. నా తర్వాత వైర్లు చుట్టేవాళ్లే ఉంటారు. నాలుగు లావు తీగల గిటార్ పట్టుకుని వెనక నిలబడ్డవాణ్ణి ఎవరూ చూడరు. వాడు ఆపేస్తే మాత్రం పాటలో ఏదో కూలినట్టు అందరికీ తెలుస్తుంది, ఏం కూలిందో తెలియదు. ఈ సంగతి అర్థమైన రోజు నుంచి నాకు ఈ పని మీద గౌరవం కలిగింది. లోకానికి ఇంకా కలగలేదు.

టోన్ సంగతి కొంచెం చెప్పాలి, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. బేస్ బాగా వినపడాలంటే ఆంప్లిఫయర్ మీద బేస్ అని రాసి ఉన్న నాబ్ తిప్పాలని అందరూ అనుకుంటారు. అది తిప్పితే దద్దరిల్లుతుంది, వినపడదు. బాగా కింది శబ్దం ప్యాడ్స్ వాళ్ల సొత్తు. బేస్ గిటార్ దాని మీద ఒక మెట్టు పైన కూర్చోవాలి. అందుకు మిడ్ అనే మధ్య శబ్దం కాస్త పెంచి, బేస్ నాబ్ తగ్గించాలి. అది కూడా చోటును బట్టి మారుతుంది. తాండూరు ఫంక్షన్ హాళ్లలో కింద నాపరాయి, గోడలకు నాపరాయి, కొన్నిచోట్ల మెట్లకూ నాపరాయే. శబ్దం ఎటూ పోలేక తిరిగి తిరిగి మన మీదికే వస్తుంది. అక్కడ కింది శబ్దం సగానికి సగం కోయాలి. మోమిన్‌పేట్ వైపు చేలల్లో షామియానా వేసి చేసే పెళ్లిళ్లలో అంతా తలకిందులు. గుడ్డా మట్టీ కలిసి శబ్దాన్ని మింగేస్తాయి, అక్కడ ఎంత ఇచ్చినా చాలదు.

నాదొక సొంత పద్ధతి ఉండేది. తీగలు వచ్చి ఆగే ఇనుప వంతెన దగ్గర, వాటి కింద పాత గొంగడి ముక్క ఒకటి మడిచి దూర్చేవాణ్ణి. తీగ మోగి ఊరికే సాగకుండా, గుండె కొట్టుకున్నట్టు కొట్టి ఆగుతుంది. స్పాంజితో కూడా చేస్తారు గానీ ఎండకు అది పొడి పొడి అవుతుంది. గొంగడి ఉన్నికి చావు లేదు. మా లీడ్ గిటార్ అతను నన్ను ఆటపట్టించేవాడు, "బీరన్నా, నీ గిటార్‌కు చలి పెడ్తున్నదా?" అని. పెట్టనీ, నీ గిటార్‌లాగా వణకదు కదా అనేవాణ్ణి.

మాణిక్‌రెడ్డిది భూములున్న కుటుంబం. తర్వాత నాపరాయి పాలిషింగ్ పెట్టారు, టెంట్ హౌస్ పెట్టారు, దాని పక్కనే ఆర్కెస్ట్రా పెట్టారు. మా నాయన వాళ్ల నాయనను పటేలా అని పిలిచినట్టే నేనూ ఇతన్ని పటేలా అనేవాణ్ణి. మనిషి చెడ్డవాడు కాదు. ఆపదలో ఫోన్ చేస్తే తన జీపు పంపేవాడు. కాకపోతే పార్టీలో ప్రతి సామానూ ఓనర్‌దే, అది తాండూరు గోదాములోనే ఉండాలి, ప్రోగ్రాంకు వ్యాన్‌లో రావాలి, వ్యాన్‌లోనే పోవాలి. ఇది మొదటి నుంచీ ఉన్న నియమం. కాబట్టి నేను వాయించే బేస్ నాది కాదు. జనరేటర్ పక్కన, డీజిల్ వాసనలో పడుకునేది. పాత బేస్ మెడ అక్కడే వంగిపోయింది. రేకుల కింద ఎండాకాలంలో చెక్క ఏమవుతుందో నేను ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి ఒక పెళ్లిలో, మెడ మీద వేలితో నొక్కే లోహపు మెట్లలో పైవాటి దగ్గర బేస్ అపస్వరం పలికి గాయని అందరి ముందూ ఆగిపోయింది. అప్పుడు పటేల్ పరువు పోయింది కాబట్టి కొత్తది కొందామన్నాడు. టోక్యో పిలుపు అదే సమయానికి వచ్చింది. అక్కడ వాడిన వాయిద్యాలు మంచివి దొరుకుతాయని కీబోర్డు అతను చెప్పడంతో కార్యక్రమం మర్నాడు దుకాణాలకు బయల్దేరాం.

ఒక వీధి వీధంతా వాయిద్యాల దుకాణాలే. మేము ఎక్కిన మేడలో ఒక అంతస్తు మొత్తం బేస్ గిటార్లు, గోడ నిండా వేలాడుతున్నాయి. ప్రతిదానికీ ఒక చీటీ. దుకాణం కుర్రవాడు చీటీ మీద ఉన్నది ఫోన్‌లో ఇంగ్లీషులోకి మార్చి చూపించాడు. ఎక్కడ గీత పడింది, ఎక్కడ స్క్రూ మార్చారు, ఏ నాబ్ అసలుది కాదు, అన్నీ రాసి ఉన్నాయి. రాసినవి చాలవన్నట్టు, నేను చూడకముందే గిటార్ వెనక్కి తిప్పి బెల్టు బకిల్ గీసిన చోటు వేలితో చూపించాడు. అమ్మేవాడు లోపాలు తనే ముందు చెప్పడం నేను నా జన్మలో అప్పుడే చూశాను. మన దగ్గర గీతలో మైనం పూసి, కొత్తదేనని ఒట్టేసి అమ్ముతారు.

వాడిన బేస్ కొనేటప్పుడు ఒక వరస ఉంటుంది. మొదట వైరు పెట్టకూడదు. కింది కొస కంటి దగ్గర పెట్టుకుని మెడ పొడుగునా చూడాలి, వడ్రంగి పలకను చూసినట్టు. వంపు కొంచెం ఉంటే మెడ లోపలి ఇనుప కడ్డీ బిగించి సరిచేయవచ్చు, మెలిక ఉంటే మాత్రం వదిలేయాలి. ఆ తర్వాత వైరు లేకుండానే వాయించి, దవడ చెక్కకు ఆనించి వినాలి. చెక్కలో లేని శబ్దం కరెంటుతో రాదు. ఆ తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి మెట్టూ నొక్కి చూడాలి. ఆఖరున ఆంప్లిఫయర్. దాని నాబ్‌లన్నీ మధ్యలో పెట్టమని అడగాలి, లేకపోతే మనం వినేది గిటార్ కాదు, దుకాణంవాడి చాకచక్యం.

పటేల్ తన వరసలో తను చూస్తున్నాడు. అతనికి ఐదు తీగల నల్ల బేస్ ఒకటి నచ్చింది. బంగారు రంగు బిగింపులు, లోపల బ్యాటరీ, మెడ మీద నీలం చుక్కలు వెలుగుతాయి. "గిది స్టేజీ మీద మస్తు కొడ్తది బీరయ్యా. వీడియోల గూడ కనవడ్తది," అన్నాడు. వాయించి చూశాను. చప్పుడు గట్టిగానే ఉంది గానీ మనిషి గొంతు లేదు. దాన్ని పక్కన పెట్టి, మూలన ఉన్న ఒక పాతదాన్ని దించమన్నాను. చెక్క రంగుదే, కానీ చెయ్యి ఆనే చోట వార్నిష్ అరిగి లోపలి చెక్క కనబడుతోంది. అంచులు చెక్కుకుపోయాయి. మెడ మాత్రం గీత గీసినట్టు ఉంది. తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లు రెండు, రెండు వాల్యూమ్ నాబ్‌లు, ఒక టోన్ నాబ్, అంతే. మెడ వైపు పికప్ పూర్తిగా ఇచ్చి, వంతెన వైపుది కాస్త తగ్గించి, టోన్ పావు వంతు మూసి, బొటనవేలితో ఒక్క స్వరం కొట్టాను. కీబోర్డు అతను అవతల ఏదో చూస్తున్నవాడు చూపు తిప్పి, "అన్నా, గిదే," అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, వచ్చాయి.

పటేల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెయింట్ లేసిపోయింది కదా. గింత దూరమొచ్చి గిసొంటిదా?" అన్నాడు. నేనెప్పుడూ అతని ముందు పట్టుబట్టింది లేదు, ఆ రోజు పట్టుబట్టాను. వాయించేది నేను కదా పటేలా, చెవితో కొనే సామాను ఇది, కంటితో కొనేది కాదు అన్నాను. గాయని కూడా నా వైపు మాట్లాడింది. అతను నవ్వి, సరే నీ మాటే కానియ్యి అని పైసలు కట్టాడు. అలా దాన్ని నా చెవి ఎంచింది, అతని చెయ్యి కొన్నది. ఈ రెండింటికీ తేడా ఉందని నాకు ఆ సంతోషంలో తట్టలేదు.

తీగలు వదులు చేసి, బట్టల్లో చుట్టి, పెట్టెలో పెట్టి తెచ్చాం. గోదాములో విప్పిన రోజు చూడటానికి పదిమంది వచ్చారు. జపాన్ నుంచి వచ్చిన వస్తువంటే ఏదో మెరుస్తుందనుకున్నారు. దాన్ని చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పటేల్ బావమరిది, "జపాన్ పోయి సెకండ్ హ్యాండు తెచ్చిన్రా బావా? గిసొంటిది మన తాన పాత సామాన్లోడి దగ్గర దొరకదా?" అన్నాడు. అందరూ నవ్వారు. పటేల్ కూడా నవ్వాడు గానీ, చెవులు ఎర్రబడటం నేను చూశాను. మా వైపు విదేశం పోయినవాడు కొత్త ఫోను తేవాలి, బంగారం తేవాలి, కనీసం సెంటు సీసా తేవాలి. ఎవరో వాడి వదిలేసినది తేవడం అంటే ఎవరి అంగీనో తొడుక్కుని వచ్చినట్టు.

దాన్ని మా ఇంట్లో పెట్టుకుంటానని ఆ రోజే అడిగాను. వికారాబాద్ చల్లగా ఉంటుంది, చెక్కకు మంచిది, ప్రోగ్రాంలకు రైల్లో తెస్తాను అన్నాను. ఒప్పుకోలేదు. "పార్టీ సామాను ఇండ్లళ్ల పెట్టుకుంటే ఎట్ల? రేపు ప్యాడ్సోడు గూడ అడుగుతడు," అన్నాడు. నియమం నియమమే. కనీసం రేకుల కింద కాకుండా ఆఫీసు గదిలో పెట్టమన్నాను, అది మాత్రం విన్నాడు.

ఆ వేసవి నుంచి వానాకాలం దాకా నేను బతికిన బతుకు ముప్పై ఏళ్లలో బతకలేదు. నాపరాయి హాల్లో కూడా ఆ బేస్ మాట మాట తెలిసేలా పలికేది. గొంగడి ముక్క పెడితే డప్పు పక్కన డప్పులాగా ఒదిగేది, తీసేస్తే పాడేది. శ్రావణంలో వికారాబాద్‌లో ఒక పెళ్లికి హైదరాబాద్ నుంచి ప్రభాకర్ అనే అరేంజర్ వచ్చాడు. అరేంజర్ అంటే పాటకు ఏ వాయిద్యం ఎక్కడ మోగాలో రాసే మనిషి. పెళ్లివారికి చుట్టం. భోజనం మధ్యలో వదిలి, చెయ్యి కూడా కడుక్కోకుండా స్టేజీ వెనక్కి వచ్చాడు. పల్లె పాటలు కొన్ని రికార్డు చేస్తున్నానని, అన్నింటికీ కీబోర్డులోనే బేస్ వాయిస్తున్నారని, తనకు నిజం తీగ కావాలని చెప్పాడు. "ఈ గిటార్, ఈ చెయ్యి, కింద పెట్టిన ఈ గుడ్డ. మూడూ ఇట్లనే తీసుకొని దసరా అయినంక స్టూడియోకు రా అన్నా," అన్నాడు.

ఆ మాట నాకు ఎంతటిదో చెప్పాలి. ఇన్నేళ్లలో నేను వాయించింది ఒక్క స్వరం కూడా ఎక్కడా నిలవలేదు. పెళ్లి వీడియోలు తీస్తారు కదా అనుకోవచ్చు. ఆ వీడియోలు కూర్చేవాళ్లు స్టేజీ శబ్దం పూర్తిగా తీసేసి సినిమా పాట అతికిస్తారు. తెర మీద నా వేళ్లు కదులుతుంటాయి, వినపడేది ఇంకెవరి వాయింపో. మా ఇంట్లో అలాంటి వీడియోలు బోలెడున్నాయి. నేను పోయాక ఈయన బేస్ ఇలా వాయించేవాడు అని వినిపించడానికి ఒక్క పాట ఉండాలని నాకు ఆశ ఉండేది. వేళ్లు అప్పటికే పొద్దున పూట బిగుసుకుంటున్నాయి. ఇది జరగకపోతే ఇంకొకటి రాదని నాకు తెలుసు. పటేల్‌కు కూడా చెప్పాను. సంతోషించాడు. "మన పార్టీ పేరు గూడ ఎయ్యాలె మరి," అన్నాడు.

దసరాకు మా పార్టీలో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. ట్రాక్టర్లు, జనరేటర్, వ్యాన్, స్పీకరు డబ్బాలు అన్నీ కడిగి, పెచ్చులూడినవాటికి కొత్త రంగు వేయించి, పసుపు కుంకుమ పెట్టి వరసగా నిలబెడతారు. ఏటా నేనూ చూసేవాణ్ణే. ఆ ఏడు పితృపక్షంలో ప్రోగ్రాంలు లేక నేను వికారాబాద్‌లోనే ఉన్నాను, తాండూరు పోలేదు. పూజ రోజు పొద్దున గోదాముకు వెళ్లాను. స్పీకరు డబ్బాల ముందు ఒక కుర్చీ, దాని మీద పట్టు తువ్వాల, దాని మీద ఒక బేస్ గిటార్. ముదురు ఎరుపు, అందులో బంగారు మెరుపు పొడి, అద్దంలాగా ముఖం కనబడుతోంది. ఛాతీ మీద వంకర టింకర అక్షరాల్లో పార్టీ పేరు. మెళ్లో బంతిపూల దండ. కొత్తది కొన్నారేమో అనుకున్నాను. దగ్గరికి పోయాక మెడ చివరి తల ఆకారం గుర్తుపట్టాను.

పటేల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఎట్లుంది బీరయ్యా? కొత్త పెండ్లికొడుకు లెక్క లేదూ? నీకు చెప్పకుండ చేయించిన. స్టూడియోకు పోతున్నవు కదా, పాత దానితోని పోతె మన ఇజ్జత్ ఏముంటది?"

 రంగు ఎవరు వేశారని అడిగాను. లారీలకు డెంటింగ్ పెయింటింగ్ చేసే ఖాజా దగ్గర అని చెప్పాడు. పూజ కాగానే ఖాజా షెడ్డుకు నడిచి వెళ్లాను. ఖాజా నాకు ఎరుకే, పనిమంతుడు. ఏం చేశావని అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు, గొప్పగానే చెప్పాడు. తీగలు ఊడదీశాడు. వాటర్ పేపరు అనే గరుకు కాగితంతో పాత వార్నిష్ అంతా రుద్దేశాడు. పల్లాలకు పుట్టీ పెట్టాడు. మెడ మీది మెట్లు పచ్చబారి ఉన్నాయని వాటిని కూడా అదే పేపరుతో తళతళలాడించాడు. ప్రైమర్, రంగు, పైన మెరుపు కోసం లాకర్ పూత. మెడ పలక కూడా మెరవాలని దాని మీదా లాకర్ కొట్టాడు. ఆరడానికి రేకుల మీద ఎండలో పరిచాడు.

"లారీ డోర్లు గూడ గిట్లనే ఆరబెడ్తం అన్నా. మంచిగ గట్టిపడ్తది. ఏమన్న తక్కువైందా?" అన్నాడు.

తక్కువేం కాలేదు ఖాజా, అన్నాను. ఇంకేం అనాలి? అతను తన పని శుభ్రంగా చేశాడు. లారీ తలుపుకు చేయాల్సినవన్నీ చేశాడు. మెడ లోపల కడ్డీ ఒకటి బిగించి ఉంటుందని, తీగల లాగుడు లేకుండా ఎండలో పెడితే ఆ కడ్డీయే మెడను వెనక్కి వంచేస్తుందని అతనికి చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సినవాణ్ణి నేను. నాకు చెప్పకుండా చేయడమే కదా అక్కడ బహుమానం!

స్టూడియోకు ఇంకా వారం ఉంది. పటేల్‌ను అడిగి, బతిమాలి, రిపేరుకని బయటికి తెచ్చుకున్నాను. హైదరాబాద్‌లో గిటార్లు బాగుచేసే అతను మెడ పొడుగునా ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. వంపు కాదు, మెలిక. మెట్లు కొన్ని అరిగాయి, కొన్ని అరగలేదు. నాబ్‌లలోకి లాకర్ దిగి గరగరమంటున్నాయి. నాబ్‌లు మార్చాడు, మెట్ల మీది లాకర్ గీకాడు, కడ్డీ వదులు చేసి తీగలు ఎక్కించాడు. కింది మెట్ల దగ్గర పరవాలేదు. పైకి పోయేకొద్దీ ప్రతి స్వరమూ ఒక్కో దారిన పోతోంది. కొత్త మెడ వేయాలన్నాడు. కొత్త మెడ వేస్తే అది ఆ బేస్ ఎలా అవుతుంది? పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు దండ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు, అంతే.

అయినా స్టూడియోకు వెళ్లాను. పటేల్ తన కారులో తీసుకెళ్లాడు, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ప్రభాకర్ పెట్టె తెరిచి, ఆ రంగు మీద వేలు రాసి చూశాడు. ఆ తర్వాత నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి, పాట చెవుల్లో వినిపించి, వాయించమన్నాడు. పాట కొంచెం పైకి ఎక్కగానే ఆపేశాడు. మళ్లీ ప్రయత్నించాం. మళ్లీ ఆపాడు. మంచి మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. ఎవరికో ఫోన్ చేసి అద్దెకు ఒక బేస్ తెప్పించాడు. ఐదు తీగలది, లోపల బ్యాటరీ. టోక్యోలో నేను పక్కన పెట్టినలాంటిదే. దాని తీగల కింద నా గొంగడి ముక్క పట్టలేదు. వాయించాను. తప్పు లేకుండానే వాయించాను. కీళ్లు నొప్పి పుట్టేదాకా వాయించాను.

ప్రభాకర్ రికార్డు చేసినది ఒకసారి, కీబోర్డులో తను అంతకుముందు వాయించి పెట్టుకున్నది ఒకసారి, వరసగా వినిపించాడు. తేడా లేదు. అతను నా ముఖం చూశాడు, నేను నేల చూశాను. శ్రావణంలో అతను విన్నది ఈ రెండింటిలోనూ లేదు. కీబోర్డుదే ఉంచుదాం అన్నా, లేకపోతే పాట ఆలస్యమవుతుంది అన్నాడు. సరేనన్నాను. అవతలి గదిలో పటేల్ టీ తాగుతూ, "ఎట్లొచ్చింది బీరయ్యా, మస్తుగొచ్చిందా?" అని అడిగాడు. చెప్పాను. అతని ముఖం పాలిపోయింది. "నేను మంచికే చేసిన కదా," అన్నాడు. మంచికే చేశాడు. అందుకే నాకు అతని మీద కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది. తిట్టగలిగి ఉంటే నా కడుపుమంట కొంతైనా చల్లారేది. 

ఇంటికి చేరాక అతను ప్రభాకర్‌కు ఫోన్ చేశాడట. నాకు అన్యాయం జరిగింది కదా, ఏదో ఒకటి చేయాలనుకున్నాడు. పాట వీడియో బయటికి వచ్చినప్పుడు కింద పేర్లలో, "బేస్ గిటార్: బీరయ్య" అని ఉంది. దాని పక్కనే మా పార్టీ పేరు. వద్దని చెప్పడానికి నన్ను ఎవరూ అడగలేదు.

ఆ పాట బాగానే పాకింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల డీజేలు కూడా వేస్తుంటారు. పోయిన ఏడు కొడంగల్‌లో ఒక పెళ్లికి చుట్టంగా పోతే, నాకు తెలియని మనిషి ఒకడు లేచి వచ్చి దండం పెట్టాడు. "అన్నా, నువ్వే కదా? గా బేస్ ఏం కొట్టినవే! మా పోరలంతా గా పాటనే ఇంటరు," అన్నాడు. అది నేను వాయించింది కాదు, కీబోర్డు అన్నాను. అతను పెద్దగా నవ్వి, "పెద్దోళ్లు గిట్లనే అంటరు," అని పక్కవాళ్లను కూడా పిలిచాడు. వాళ్లూ దండం పెట్టారు. మా ఇంట్లోవాళ్లు ఆ పాటను ఫోన్లో దాచుకున్నారు. నేను పోయాక వినిపించేది అదే. ఒకటి రెండుసార్లు నిజం చెప్పి చూశాను. అది వినడం వాళ్లకు ఇష్టం లేదని తెలిసి ఊరుకున్నాను.

వాడిన బేస్ కొనాలని సలహాకు వచ్చేవాళ్లు మెడ ఎలా చూడాలి, టోన్ ఎంత మూయాలి అని అడుగుతారు. అవన్నీ చెబుతాను, దాచుకోను. కానీ వాటికంటే ముందు పైసలు ఎవరివని అడుగుతాను. ఇంకొకరివైతే కొనవద్దంటాను. చేతనైనంతలో నాసిరకందైనా సొంతంగా కొనుక్కుని, దాన్ని మంచం పక్కన పెట్టుకుని పడుకోమంటాను. మన చెవితో ఎంచి ఇంకొకరి చేత కొనిపించిన వాయిద్యం మనది కాదు. దానికి రంగు వేసేటప్పుడు మనల్ని అడగరు. దాని కింద పేరు వేసేటప్పుడు కూడా అడగరు.